బొడ్డుమామిడి ఆఫ్ రోడ్డు

మా జీపుల సంఘంలో చేరడానికి ఒకటే అర్హత. ఇంట్లోవాళ్ళు మన మీద ఆశ వదిలేసుకుని ఉండాలి. నర్సీపట్నంలో నాకు బోరు మోటార్ల దుకాణం ఉంది. సెలవు దొరికితే చాలు దుకాణం కట్టేసి, మంచి రోడ్లన్నీ వదిలేసి, వెతుక్కుంటూ వెళ్ళి బురదలో దిగబడి, ఒళ్ళంతా మట్టితో ఇంటికొచ్చే మనిషి మీద ఏ భార్య మాత్రం ఎంతకాలం ఆశ పెట్టుకుంటుంది?

సంఘంలో నాకంటే ముదిరినవాడు పైడిరాజు. రైస్‌మిల్లు ఓనరు. వేలంలో కొన్న పాత మిలటరీ జీపుకి పెళ్ళికూతురికి చేసినంత ముస్తాబు చేస్తాడు. దాన్ని తారురోడ్డు మీద నడపాల్సి వస్తే మాత్రం పథ్యం కూడు తింటున్నవాడిలా మొహం పెడతాడు.

మా సంఘానికి కాశీ లాంటిది బొడ్డుమామిడి. మెయిన్‌రోడ్డు వదిలాక కొండ మీద ఆ ఊరికి పోయేదాన్ని దారి అని కాగితాల్లో రాస్తారు తప్ప, చూసినవాళ్ళెవరూ అనరు. గేదెలు పడుకున్నట్టు బండలు. బండకీ బండకీ మధ్య గొయ్యి. గొయ్యి నిండా బురద. సగం దారిలో అడ్డంగా పారే గెడ్డ. దాంట్లో ఎప్పుడు ఎంత నీళ్ళుంటాయో గెడ్డకే తెలీదు. ఏటా ఓ శని ఆదివారాలు జీపులన్నీ వేసుకుని బయల్దేరి, పడుతూ లేస్తూ ఊరికి చేరి, కొండ కొమ్మున గుడారాలేసుకుని, వెదురుబొంగులో కోడి కాల్చుకు తిని, మర్నాడు దిగివచ్చేవాళ్ళం. వారం రోజులు నడుము నొప్పి. ఏడాదంతా ఆ కబుర్లు.

ఆ ఊరి సర్పంచ్ కొర్రా చిలకమ్మ. మొదటిసారి మా జీపుల్నీ మమ్మల్నీ చూసినప్పుడు ఆమె దగ్గరకొచ్చి మెల్లగా అడిగింది.

"మిమ్మల్నెవులైనా తరిమినారేటి బాబూ?"

"లేదమ్మా. సరదాకి వచ్చాం."

"ఈ దారినా?"

"ఈ దారి కోసమే వచ్చామమ్మా."

"డబ్బులెట్టుకొనే?"

"అవునమ్మా."

"అయ్యో పాపం" అని, అందరికీ రాగి అంబలి పోయించింది.

అలా ఏళ్ళ తరబడి సాగిపోతున్న మా బతుకుల్లోకి ఓ వీడియో వచ్చిపడింది. పైడిరాజు జీపు గెడ్డలో బోర్లా పడబోయి, ఆలోచించుకుని, తిరిగి నిలబడిన వీడియో అది. ఎవరో ఫోన్లో పెడితే రాష్ట్రమంతా చూసింది. చూసినవాళ్ళలో సాహస విహార ప్రోత్సాహక మండలి కూడా ఉంది. అలాంటి మండలి ఒకటుందని మాకు అప్పటిదాకా తెలీదు. ఏడాదంతా ఖర్చు పెట్టకుండా మిగిలిపోయిన నిధులు ఆర్థిక సంవత్సరం చివర్లో తమ దగ్గర మూలుగుతున్నాయని మండలికీ అప్పుడే తెలిసిందట.

ఓ రోజు మండలి సహాయ సంచాలకులు విశ్వపతిగారు నా దుకాణానికి వచ్చారు. ఇస్త్రీ నలగని మనిషి. కుర్చీ తుడిచి వేశాను. కూర్చుని, గొంతు సవరించుకున్నారు.

"దాలినాయుడుగారూ, మీ సంఘం నిర్వహిస్తున్న కార్యక్రమాన్ని మండలి తన సంరక్షణలోకి తీసుకోదలచింది. దీన్ని ఇకపై 'బొడ్డుమామిడి ఆఫ్ రోడ్ మహోత్సవం' అంటారు. మా ప్రమాదరహిత సాహస విధానం కింద నిర్వహిస్తాం."

"ప్రమాదరహిత సాహసం అంటే ఏమిటండీ?"

"సాహసం ఉంటుంది. ప్రమాదం ఉండదు."

"అదెలాగండీ?"

"విధానంలో ఉంది" అన్నారాయన.

పైడిరాజు తెగ సంబరపడ్డాడు. సర్కారు తన జీపుని గుర్తించిందని వాడి సంతోషం.

దారి చూపించమన్నారని విశ్వపతిగార్ని పైడిరాజు జీపులోనే తీసుకెళ్ళాం. మొదటి బండ ఎక్కినప్పుడు ఆయన కళ్ళజోడు పోయింది. రెండో బండ దిగినప్పుడు ఆయన తల పైకమ్మీకి తగిలింది. ఆ తర్వాత ఊరు చేరేదాకా ఆయన మాట్లాడలేదు. మధ్యమధ్య ఏవో దేవుళ్ళ పేర్లు మాత్రం వినిపించాయి.

ఊళ్ళో చిలకమ్మ ఎదురొచ్చింది. ఏ అధికారి వచ్చినా ఇచ్చే అర్జీ ఈయనకీ ఇచ్చింది. ఊరికి రోడ్డు కావాలని. విశ్వపతిగారు ఓ చేత్తో బొప్పి రుద్దుకుంటూ, రెండో చేత్తో అర్జీ వెనక్కిచ్చేశారు.

"అమ్మా, సర్పంచ్‌గారూ, రోడ్డు నా పరిధిలోకి రాదు. నాది ఆఫ్ రోడ్డు. అంటే రోడ్డు కానిది. రోడ్డుకి నా దగ్గర ఒక్క రూపాయి లేదు. రోడ్డు కానిదానికి ఎంతైనా ఉంది."

చిలకమ్మ ఆ మాటని నోట్లో వేసుకుని నమిలి చూసింది.

"అలగా బాబూ. మరి మీరు పండగ సేత్తారు. పెద్దపెద్దోళ్ళొత్తారు. ఆ బండ మీద జీపు తిరగబడి ఎవులికైనా ఏదైనా అయితే, బాద్దెత ఎవులది?"

విశ్వపతిగారి మొహంలో రంగు మారింది. బొప్పి మీది చెయ్యి తీసేశారు.

"బాధ్యత..." అన్నారు. తర్వాత చాలాసేపు దారి వంక చూశారు. "ఆ బండల్ని అవాంఛిత శిలా ప్రతిబంధకాలుగా పరిగణించి తొలగిస్తాం."

తొలగించారు. డబ్బుంటే కొండలు కదులుతాయంటారు. ఆర్థిక సంవత్సరం చివర్లో డబ్బుంటే అవి పరిగెడతాయి. వారం తిరక్కముందే పెద్ద యంత్రాలొచ్చి బండలన్నీ పక్కకి దొర్లించేశాయి. పైడిరాజుకి ఆ బండలన్నీ పేరుపేరునా తెలుసు. వాటిని చూసి, చుట్టాలింట్లో చావుకి వచ్చినవాడిలా నిలబడ్డాడు.

"సార్, బండల్లేకపోతే ఎలా సార్?" అన్నాడు.

"గోతులున్నాయిగా" అన్నారు విశ్వపతిగారు.

మర్నాడు చిలకమ్మ ఆయనకి ఫోన్ చేసి, గోతిలో మొన్న ఎవరిదో మేకపిల్ల పడి కాలు విరిగిందనీ, మేకకే ఇలా అయితే పండక్కొచ్చే మండలి చైర్మన్‌గారికి ఏమవుతుందోననీ బెంగగా అడిగింది. గోతుల సమతలీకరణకి మంజూరు వచ్చింది. పూడ్చి, కంకర పోసి, రోలర్ తొక్కించారు. ఆ తర్వాత వాన చినుకు పడితే కంకర మీద మట్టి జారుతోందని ఆమే చెప్పింది. ఆ పైన ధూళి లేస్తే ఎదురుగా వచ్చే జీపు కనపడదని కూడా చెప్పింది. దాంతో ధూళి నిరోధక పూతకి ఇంకో మంజూరు వచ్చింది.

ఆ పూత నల్లగా ఉంది. వేడివేడిగా పోశారు. తారు వాసన వేసింది.

"సార్, ఇది తారు కదండీ?" అన్నాను.

"కాదు. తారు రోడ్లకి వాడతారు. ఇది ధూళి నిరోధక పూత."

గెడ్డ మీద వంతెన కట్టడం తన పరిధిలోకి రాదన్నారు. కాని నీళ్ళలో జీపులు కొట్టుకుపోతే చూడ్డానికొచ్చిన జనం భయపడతారని చిలకమ్మ అంది. అందుకని ప్రేక్షకులు నిలబడి గెడ్డని చూడ్డానికి వీక్షణ వేదిక ఒకటి కట్టించారు. గట్టి సిమెంటు వేదిక. ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డు దాకా ఉంది. జీపులు దాని మీద నుంచి వెళ్ళొచ్చు, అభ్యంతరం లేదన్నారు.

"మరి బురద సార్?" పైడిరాజు ఏడుపు గొంతుతో అడిగాడు. "బురద లేకుండా ఏం ఆఫ్ రోడ్డు సార్?"

"బురద విడిగా ఏర్పాటు చేస్తున్నాం" అన్నారు విశ్వపతిగారు ఓదార్పుగా.

చేశారు. కొండ దిగువన బురద అనుభవ కేంద్రం అని బోర్డు పెట్టి, తొట్టి కట్టి, అందులో జల్లెడ పట్టిన ఎర్రమట్టి, శుద్ధిచేసిన నీళ్ళూ కలిపి పోశారు. దిగడానికి మెట్లు. పట్టుకోడానికి రెయిలింగు. బయటికొచ్చాక చేతులు కడుక్కోడానికి కొళాయి, సబ్బు.

ఆ తొట్టి చూశాక పైడిరాజు ఇంక ఆగలేకపోయాడు.

"నాయుడూ, ఇది మన గుడి. గుడిని కూల్చి సత్రం కట్టేస్తన్నారు. నేను చైర్మన్ దగ్గరకెళ్ళి మొత్తం ఆపించేస్తాను. ఇది ఆఫ్ రోడ్డు కాదు, రోడ్డేనని చెప్పేస్తాను. ఆ విశ్వపతి ఉద్యోగం ఊడినా సరే."

వాణ్ణి ఆపడం నా వల్ల కాలేదు. నిజం చెప్పొద్దూ, ఆపాలని నాకూ లేదు. చైర్మన్ దగ్గరకి వెళ్ళేముందు ఓసారి సర్పంచ్‌తో చెప్పడం మర్యాద అని మాత్రం అన్నాను. ఇద్దరం వెళ్ళాం.

చిలకమ్మ ఇంటి అరుగు మీద పసుపుకొమ్ములు ఆరబోసి ఉన్నాయి. ఆమె భర్త బొంజుబాబు రెండు చేతికర్రలు పక్కన పెట్టుకుని కోళ్ళని తోలుతున్నాడు. పైడిరాజు తన బాధంతా చెప్పుకున్నాడు. చిలకమ్మ మధ్యలో ఎక్కడా అడ్డు రాలేదు.

"అయితే పాత దారే బాగుందంటారు" అంది చివరికి.

"మనసుకి బాగుండేదమ్మా" అన్నాడు పైడిరాజు.

బొంజుబాబు నవ్వాడు. "నాకూ బాగానే ఉండీది బాబూ. చింతచెట్టు మీంచి పడి నాకు ఒక కాలిరిగింది. మంచమ్మీద ఏసుకొని మనోళ్ళు మోసుకెళ్ళినారు. మీరు సెప్పే ఆ బురదలోన జారి మంచం పడేసినారు. ఆస్పత్రికి చేరీతలికి రెండూ ఇరిగినాయి."

"డాక్టరు బాబు తిట్టినాడు కూడానూ" అంది చిలకమ్మ, పసుపుకొమ్ములు తిరగేస్తూ. "ఒక్క కాలని కబురెట్టినారు, రెండుంటే రెండూ ఒక్కపాలే సెప్పాల గదా అని."

వాళ్ళిద్దరూ నవ్వుతున్నారు. ఇంటికి ఎవరొచ్చినా చెప్పుకుని నవ్వుకునే సంగతిలా ఉంది. పైడిరాజు నవ్వలేదు. చేతికర్రల వంక చూశాడు. పైకి వచ్చేటప్పుడు జీపులో వాడి నోరు మూతపడలేదు. దిగేటప్పుడు ఒక్క ముక్క మాట్లాడలేదు. నల్లటి పూత మీద జీపు చప్పుడు లేకుండా జారిపోతోంది. మలుపు దగ్గర ఆపి, లోయలోకి తొంగిచూసి, ఫోన్ తీశాడు.

"సార్, విశ్వపతిగారా? పైడిరాజుని సార్. బొడ్డుమామిడి మలుపు దగ్గర నిలబడ్డాను. లోయ చూస్తే కళ్ళు తిరుగుతున్నాయి సార్. నా అంతటివాడికే తిరుగుతుంటే మామూలు వాళ్ళ సంగతేంటి? బాధ్యత ఎవరిది సార్?"

లోయ పొడుగునా పిట్టగోడ కట్టారు.

మహోత్సవం శనివారం మొదలైంది. మెయిన్‌రోడ్డు దగ్గర పెద్ద తోరణం. హెల్మెట్లు, మోకాళ్ళకి కవచాలు, మెడకి పట్టీ తగిలించి మమ్మల్ని జీపుల్లో కూర్చోబెట్టారు. దారి మరీ నున్నగా ఉండటంతో మేం వేగంగా పోతామని మండలికి అనుమానం వచ్చింది. సహజమైన గతుకులు తీసేసిన చోటల్లా సాహస గతుకులు అని సిమెంటు దిమ్మలు కట్టించారు. వాటికి నలుపూ తెలుపూ రంగులేశారు. గతుక్కీ గతుక్కీ మధ్య ఆంబులెన్సు. మా ముందు ఓ పైలట్ కారు, సైకిలు వేగంతో. పాలడబ్బాలు కట్టుకున్న మోపెడ్ మీద ఎవరో ముసలాయన హారన్ కొట్టుకుంటూ మా అందర్నీ దాటుకుని వెళ్ళిపోయాడు.

గుడారాలు నేలమీద వేస్తే పాములొస్తాయని స్కూలు వరండాలో వేయించారు. ఒక్కోదానికీ ఓ ఫ్యాను. నెగడు వేస్తే నిప్పుతో ప్రమాదమని, ఎర్రబల్బు మీద నారింజరంగు గుడ్డముక్కలు కట్టి కింద టేబుల్‌ఫ్యాను పెట్టారు. గుడ్డ రెపరెపలాడుతుంటే మేం చుట్టూ కూర్చుని చేతులు చాచి చలి కాచుకున్నాం. ఏంచేస్తాం, కార్యక్రమంలో ఉంది.

సూర్యుడు కొండ వెనక్కి దిగుతుండగా విశ్వపతిగారు వచ్చి మా మధ్య కూర్చున్నారు. చాలా తృప్తిగా ఉన్నారు. ఒక్కరికి కూడా గోరు విరగలేదు.

"రేపు మధ్యాహ్నం చైర్మన్‌గారు బహుమతులిస్తారు. ఎల్లుండి పొద్దున్నే పునరుద్ధరణ పనులు మొదలు" అన్నారు.

"పునరుద్ధరణ ఏంటి సార్?" అన్నాను.

"పర్యావరణం నాయుడుగారూ! మహోత్సవం ముగిశాక స్థలాన్ని యథాస్థితికి తేవాలని విధానంలో ఉంది. పూత గీకించేస్తాం. వేదిక పడగొట్టేస్తాం. బండలు ఎక్కడివక్కడ పెట్టిస్తాం. ఫొటోలున్నాయి, తేడా రానివ్వం. టెండరు కూడా అయిపోయింది."

చిలకమ్మ అక్కడే నిలబడి అందరికీ ఉడకబెట్టిన కర్రపెండలం పంచుతోంది. ఆమె చెయ్యి ఓ క్షణం ఆగింది. మళ్ళీ పంచడం మొదలెట్టింది. ఆమె కళ్ళల్లోకి నీళ్ళొస్తాయేమోనని నేను చూపు తిప్పుకున్నాను.

"పైడిరాజు బాబూ, ఓపాలి ఇలా రండి" అంది పంపకం అయ్యాక. వరండా చివర నిలబడి అడిగింది. "నర్సీపట్నంలోన రాయి మీద పేర్లు సెక్కీవోళ్ళున్నారా?"

"ఉన్నారమ్మా. మా మిల్లు పక్కనే."

"రేపు మజ్జేనానికి ఒక రాయి కావాల. నల్లదీ, నున్నంటిదీ. చైర్మన్ బాబు పేరు బంగారం రంగులోన ఉండాల."

పైడిరాజు ఆమె వంక చూశాడు. మరుక్షణం మెడపట్టీ ఊడదీసి పారేసి జీపెక్కాడు. తారురోడ్డు మీద వాడు అంత సంతోషంగా బండి తోలడం నేను చూడటం అదే మొదటిసారి.

మర్నాడు మధ్యాహ్నం చైర్మన్ కందర్ప త్రివిక్రమరావుగారు వచ్చారు. పొడవాటి తెల్లకారు, నేలకి బెత్తెడు ఎత్తున్నది, సాహస గతుకుల మీద ఉయ్యాలలా ఊగుతూ ఊళ్ళోకి వచ్చి ఆగింది. ఆయన దిగి, వచ్చిన దారికేసి తిరిగి చూశారు. మళ్ళీ మాకేసి చూశారు.

"విశ్వపతీ, ఆఫ్ రోడ్డు ఎక్కడ?"

"తమరు వచ్చింది దాని మీదే సార్."

"నేను వచ్చింది రోడ్డు మీద. దారిలో నిద్రకూడా పట్టింది. మండలి డబ్బుతో రోడ్డు వేయించావా? ఎవడి అనుమతితో? ఇవాళే తవ్వించెయ్. రేపటిదాకా ఎందుకు?"

విశ్వపతిగారి ఇస్త్రీ మొదటిసారి నలిగింది. యంత్రాల వాళ్ళకి ఫోన్ చెయ్యడానికి జేబులోంచి సెల్ తీశారు.

అప్పుడే డప్పులు మోగాయి. ఊరు ఊరంతా ఒక్కసారి కదిలొచ్చింది. ఆడవాళ్ళు ఒకరి భుజాల మీద ఒకరు చేతులేసుకుని థింసా ఆడుతూ చైర్మన్‌గారిని చుట్టుముట్టి, నడిపించుకుంటూ ఊరి మొగదలకి తీసుకెళ్ళారు. అక్కడ పచ్చటి పరదా కప్పిన ఓ దిమ్మ ఉంది. రిబ్బను ఉంది. చిలకమ్మ పళ్ళెంలో కత్తెర పెట్టుకుని నిలబడింది.

కత్తెర చూస్తే ఆయన చెయ్యి దానంతటదే ముందుకొచ్చింది. అది ఆయన తప్పు కాదు, అలవాటు. రిబ్బను తెగింది. చిలకమ్మ తాడు అందించింది. లాగారు. పరదా పక్కకి జరిగింది.

నల్లరాయి మీద బంగారు అక్షరాలు ఎండలో మెరిశాయి. 'బొడ్డుమామిడి రోడ్డు. గౌరవనీయులు శ్రీ కందర్ప త్రివిక్రమరావుగారి అమృత హస్తములచే ప్రారంభించబడినది.'

జనం చప్పట్లు కొట్టారు. చైర్మన్‌గారు తన పేరు ఓసారి చదువుకున్నారు. ఇంకోసారి చదువుకున్నారు. కళ్ళజోడు తుడుచుకుని దగ్గరగా వెళ్ళి మూడోసారి చదువుకున్నారు. విశ్వపతిగారు చిలకమ్మ పక్కకి చేరి గుసగుసగా అడిగారు.

"అమ్మా, 'ఆఫ్' ఏదీ? 'ఆఫ్' ఎక్కడ?"

"సోటు సాల్లేదు బాబూ. సారు పేరు పెద్దది గదా."

చైర్మన్‌గారు వెనక్కి తిరిగారు. విశ్వపతిగారి చేతిలో ఫోన్ ఇంకా అలాగే ఉంది.

"ఎవరికి ఫోన్ చేస్తున్నావ్?"

"తమరు తవ్వించమన్నారు కదా సార్... యంత్రాలకి..."

"బుద్ధుందా నీకు?" అన్నారు చైర్మన్‌గారు. "నేను ప్రారంభించిన రోడ్డు తవ్విస్తావా?" తర్వాత రాయి వంక చూసి గొంతు తగ్గించారు. "అక్షరాలు ఇంకొంచెం పెద్దవి పెట్టాల్సింది."

చిలకమ్మ పమిటచెంగుతో మొహం తుడుచుకుంది. చెమటేనేమో. డప్పుల చప్పుడు పెరిగింది. బొంజుబాబు రెండు కర్రలూ ఓ చేత్తో పట్టుకుని, రెండో చెయ్యి పైడిరాజు భుజం మీద వేసి ఎగరబోయాడు. పైడిరాజు వాటంగా పట్టుకోబట్టి సరిపోయింది.

మాకు బహుమతులిచ్చారు. పైడిరాజుకి అత్యుత్తమ సాహసి అని కప్పు వచ్చింది, సీటు బెల్టు సరిగ్గా పెట్టుకున్నందుకు. విశ్వపతిగారికి ఉద్యోగం పోలేదు సరికదా, పైకి వెళ్ళారు. చరిత్రలో ఒక్క ప్రమాదం కూడా లేకుండా జరిగిన మొట్టమొదటి ఆఫ్ రోడ్ మహోత్సవం అదేనట. రోడ్డు మీద ఇప్పుడు పసుపు బస్తాలేసుకుని ఆటోలు తిరుగుతున్నాయి. స్కూలు మాస్టారు ఇంక రాకుండా ఉండటానికి సాకు దొరక్క రోజూ వస్తున్నాడు.

మాకు మాత్రం తిరగడానికి దారి లేకుండా పోయింది. పైడిరాజు జీపు మిల్లు షెడ్డులో గుడ్డ కప్పుకుని కూర్చుంది. వాడు సాయంత్రాలు నా దుకాణానికొచ్చి మోటార్ల మధ్య దిగులుగా కూర్చునేవాడు.

అలా కూర్చుని ఉండగా ఓ రోజు నలుగురు పెద్దమనుషులు వచ్చారు. భుజాన తువ్వాళ్ళు, మోకాళ్ళదాకా మట్టి. అవతలి కొండ మీద గుమ్మడిగండి అనే ఊరివాళ్ళట. చిలకమ్మ పంపిందట.

"ఏం కావాలండీ? మోటారా?" అన్నాను.

"కాదు బాబూ" అన్నాడు వాళ్ళలో పెద్దాయన. "మా ఊరికి ఆఫ్ రోడ్డు కావాల."

పైడిరాజు తలెత్తాడు.

"మీ దారి ఎలా ఉంటుంది?" అన్నాడు.

"మహా ఘోరం బాబూ."

"బండలున్నాయా?"

"ఇంటంతేసి."

"బురద?"

"మొలబంటి. మొన్న ఒక ఎద్దు దిగబడితే తియ్యడానికి ఊరంతా పట్టినాం."

పైడిరాజు లేచి నిలబడ్డాడు. చాలా రోజుల తర్వాత వాడి మొహంలో వెలుగు చూశాను. అంతలోనే ఆ వెలుగులో ఏదో మొహమాటం చేరింది. పెద్దాయన దగ్గరకెళ్ళి, కట్నం అడగడానికి సిగ్గుపడే మర్యాదస్తుడిలా నెమ్మదిగా అన్నాడు.

"తాతా, విశ్వపతిగారికి నేనే ఫోన్ చేస్తాను. మీ రోడ్డుకి నాదీ పూచీ. కాపోతే ఆయనొచ్చేలోగా, ఒక్క శనివారం, ఒకే ఒక్కటి, మేం జీపులేసుకుని తిరగొచ్చా?"

పెద్దాయన మిగతా ముగ్గురి వంకా చూశాడు. వాళ్ళు గుసగుసలాడుకున్నారు. పిచ్చివాళ్ళ ముచ్చట తీర్చడానికి ఒప్పుకున్నట్టు అందరూ తలలూపారు.

"తిరగండి బాబూ. మాకేటి?" అన్నాడు పెద్దాయన. "దిగబడితే లాగడానికి ఎడ్లు సిద్దం సేసుంచుతాం."